భోజనాల వేళ ఇంజిన్ మోత

శవం పచ్చిక మీద వెల్లకిలా పడి ఉంది.

కుడిచేతి వేళ్లు నల్లబడ్డాయి. రెండడుగుల దూరంలో మూత తీసిన ఇనప పెట్టె. గ్రానైట్ పలక మీద ఒక స్పానర్. ఎడమ భుజం మీద ఎర్ర తువ్వాలు. నలుచదరంగా మడిచి ఉంది.

ఇన్‌స్పెక్టర్ హనుమంతు వాచీ చూసుకున్నాడు. రెండు గంటల ఐదు నిమిషాలు.

జూబ్లీ హిల్స్‌లో ఆ బంగళాలో మనుషులు కాపురం ఉండరు. షూటింగులకు అద్దెకిస్తారు. ఆ రోజు ఇంట్లో హాలు సీను తీస్తున్నారు. ఒంటి గంటకు లంచ్ బ్రేక్ ఇచ్చారు. యూనిట్ అంతా వెనక షామియానా కింద భోజనాలకు కూర్చుంది. ముందు పచ్చికలో ఈ మనిషి చచ్చిపోయాడు.

పేరు బసవపున్నయ్య. వయసు యాభై ఎనిమిది. ఇరవై ఆరేళ్లుగా జనరేటర్ ఆపరేటర్. యూసుఫ్‌గూడలో రెండు గదుల ఇల్లు. భార్య లేదు. కూతురు ఒక్కతే.

"ముందు చూసిందెవరు?" హనుమంతు అడిగాడు.

"త్రినాథరావు అని, జనరేటర్ వ్యాన్ల ఓనర్ సార్," ఎస్సై రాఘవేంద్ర చెప్పాడు. "ఒకటీ ఇరవై ఒకటికి కేకేసిండు."

"ఈ పెట్టె ఏంది?"

"డీబీ అంటరు సార్. గేటు బయట వ్యాన్ల ఇంజిన్ ఉంది. ఆడికెల్లి కేబుల్ ఈ పెట్టెలకొస్తది. ఈడికెల్లి లైట్లకు పోతది. నట్టు లూజైందట, బిగిస్తుండె. వ్యాన్ల బ్రేకర్ బంద్ చెయ్యకుంటనే చెయ్యి పెట్టిండు. యాక్సిడెంట్ సార్."

"బ్రేకర్ బంద్ లేదని ఎట్ల తెలిసె?"

"కేక విని లైట్‌మెన్ చీఫ్ చంటి వ్యాన్ కాడికి ఉరికిండు. బ్రేకర్ హ్యాండిల్ పైకి, ఆన్‌ల ఉండె. ఆయనే కిందికి గుంజిండు."

"ఇరవై ఆరేండ్ల సంది గిదే పని చేసినోడు, కరెంటు ఉండంగ చెయ్యి పెడతడా?"

"ముసలోడు సార్. మర్చిపోయిండేమో."

హనుమంతు తువ్వాలు వైపు చూశాడు. ఫొటో తీయించాడు. తర్వాత దాన్ని మడత చెడకుండా కవర్లో పెట్టించాడు.

పెట్టె నుంచి గేటు దాటి వ్యాన్ దాకా అడుగులు లెక్కపెట్టాడు. తొంభై ఆరు. సుమారు డెబ్బై మీటర్లు.

---

విద్యుత్ తనిఖీ అధికారి మూడింటికి వచ్చాడు. అరగంట వ్యాన్‌లో ఉన్నాడు. దిగి కళ్లజోడు తుడుచుకున్నాడు.

"వైరింగ్ శుభ్రంగా ఉందండి. చిక్కంతా ఇంజిన్ వేగం మార్చే ఆ కంట్రోలర్‌తోనే."

"ఏం చిక్కు?"

"మామూలు జనరేటర్ ఇంజిన్ నిమిషానికి పదిహేను వందల చుట్లు తిరుగుతుంది. లోడ్ ఉన్నా అంతే, లేకున్నా అంతే. మోత కూడా ఒక్కటే. ఇది అలా కాదు. లోడ్ తగ్గితే వేగం తగ్గుతుంది. డీజిల్ ఆదా. దాంతోపాటు మోతా తగ్గుతుంది. పెద్దాయన చెవి పాత మోతకు అలవాటుపడింది. లంచ్‌లో మోత సన్నబడేసరికి కరెంటు లేదనుకున్నాడు. చెయ్యి పెట్టాడు."

"అంటే తప్పెవరిది?"

"ఈ యంత్రం చేసినవాళ్లది. నిర్లక్ష్యం వల్ల మరణం. అరెస్టు చేయాల్సిన కేసేనండి."

"ఎవరు చేసిండ్రు?"

అధికారి గేటు వైపు చూపించాడు. ఫుట్‌పాత్ అంచున ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఏడవడం లేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వ్యాన్‌నే చూస్తోంది.

పోయినవాడి కూతురు. శ్రీనిధి.

---

"నా మిషన్ వల్లే నాన్న పోయాడా సార్?"

ఆమె అడిగిన మొదటి మాట అదే.

"నాకింకా తెల్వదు. అడిగినదానికి చెప్పు. ఏంది ఈ మిషన్?"

"పాత లైట్లు కరెంటు విపరీతంగా తాగేవి. ఇప్పుడన్నీ ఎల్ఈడీలు. లోడ్ మూడో వంతుకు పడిపోయింది. జనరేటర్లు మాత్రం అవే పంపిస్తున్నారు. నాలుగు లైట్ల కోసం అంత పెద్ద ఇంజిన్ అదే వేగంతో తిరుగుతుంది. సగం డీజిల్ తనను తాను తిప్పుకోడానికే పోతుంది. నాన్న పదేళ్లుగా ఆ మాట అంటున్నాడు. ఎవరూ వినలేదు."

"నువ్వు విన్నవు."

"నేను ఎలక్ట్రికల్ చదివాను సార్. లోడ్ చూసి ఇంజిన్ వేగం మార్చే కంట్రోలర్ తయారుచేశాను. వచ్చే కరెంటును ఇన్వర్టర్ సరిచేసి పంపుతుంది. రోజుకు తొంభై లీటర్లు తాగే షూటింగుకి మొన్న యాభై ఎనిమిది, నిన్న యాభై ఆరు. ఇవాళ మూడో రోజు. ఇవాళ గడిస్తే ట్రయల్ పాస్. సినిమా మొత్తానికి మా వ్యానే."

"లంచ్‌ల లైట్లు బంద్ చేస్తరు గద. లోడ్ ఏముంటది?"

"మానిటర్ టెంట్‌లో రెండు పెద్ద కూలర్లున్నాయి సార్. డైరెక్టర్‌గారు తిని వచ్చేసరికి చల్లగా ఉండాలని వాటిని ఆపరు. బ్రేకర్ ఆన్‌లో ఉంటే కూలర్లు తిరుగుతాయి. తీసేస్తే లోడ్ సున్నా. ఇంజిన్ అన్నిటికంటే కింది వేగానికి వస్తుంది."

హనుమంతు నోట్‌బుక్‌లో ఒక గీత గీశాడు.

"మీ నాయన తువ్వాలు ఎప్పుడు భుజం మీదనే ఉంటదా?"

"లైన్ మీద పనిచేసేటప్పుడు ఉండదు." ఆమె వ్యాన్ వైపు చెయ్యి చూపింది. "బ్రేకర్ తీసి, హ్యాండిల్‌కి తువ్వాలు కడతాడు. రెండు ముళ్లు. తువ్వాలు కనబడిందంటే లైన్ మీద మనిషి ఉన్నాడని. యూనిట్లో అందరికీ తెలుసు. ఎవరూ ముట్టరు."

"భుజం మీద దొరికింది."

"మర్చిపోయాడంటున్నారు. నాన్న అన్నం తినడం మర్చిపోతాడు సార్. అది మర్చిపోడు."

---

త్రినాథరావుది తెల్లచొక్కా. ఇస్త్రీ నలగలేదు. ఫిల్మ్ నగర్‌లో ఆయన ఆఫీసు ముందు పద్నాలుగు జనరేటర్ వ్యాన్లు వరసగా నిలబడి ఉంటాయి.

"ఒంటి గంట నుంచి ఏడున్నరు?"

"కార్లోనండి. గేటు పక్కన. వ్యాన్ వెనకే."

"మీ వ్యాన్ కాదు గద ఇది. మీరెందుకచ్చిండ్రు?"

"నా బండి స్పేర్‌లో పెట్టారండి. ఈ పిల్ల బండి మొండికేస్తే నాదే దిక్కు. చూద్దామని వచ్చాను."

"మొండికేసిందా?"

"మనిషినే మింగిందిగా. ఇంకేం కావాలండి."

"కారు అద్దాలు?"

"దింపుకునే కూర్చున్నానండి. అన్నీ వినిపిస్తాయి."

"వ్యాన్ దగ్గరికి ఎవరన్న వచ్చిండ్రా?"

"పురుగు కూడా రాలేదండి. పున్నయ్యే రాలేదు. బ్రేకర్ ముట్టుకున్నవాడే లేడు. ఒంటి గంటకు ఎలా ఉందో మోత, నేను కేకేసిందాకా అలాగే ఉంది. సన్నగా, పిల్లి గురకలాగా. ఆ గురకే వాణ్ని ముంచింది."

"మోత మారనే లేదు."

"లేదండి. ఎక్కడైనా చెప్తాను."

"లోపలికి ఎందుకు పోయిండ్రు?"

"మజ్జిగ తాగుదామని. చూస్తే పడి ఉన్నాడు. చెయ్యి పట్టుకుని చూశాను. నాడి లేదు."

"పున్నయ్య మీ దగ్గర ఇరవై ఆరేండ్లు చేసిండు. ఎందుకు పోయిండు?"

"కూతురికి తెలివి ఎక్కువైందండి. ఆ తెలివేదో నా పేరు మీద చెయ్యమన్నాను. నలుగురికీ తెలిసిన పేరు కదా. ఒప్పుకోలేదు. అయినా తమ్ముడిలాంటోడు. కోపం ఎందుకుంటుంది."

హనుమంతు ఆయన మొహం చూశాడు. చెమట లేదు. మే నెల ఎండలో, దించిన అద్దాల మధ్య ఇరవై నిమిషాలు కూర్చున్న మనిషి. ఒక తమ్ముడు పోయిన మనిషి.

---

"హ్యాండిల్ మీద వేలిముద్రలు ఒక్క చంటివే తేటగా ఉన్నయి సార్," రాఘవేంద్ర చెవిలో చెప్పాడు. "కిందివి కలిసిపోయినయి. పైగా పొద్దుగాల పున్నయ్యతోటి లొల్లి పెట్టుకున్నడట. తిండి నడుమ లేచి పోయిండట. వీడే అనిపిస్తుంది."

చంటికి నలభై అయిదు దాటాయి. తణుకు నుంచి వచ్చి ఇరవై ఏళ్లు. లైట్లు మోసి మోసి ఒక భుజం కిందికి వాలింది.

"లొల్లి ఎందుకు?"

"లొల్లి కాదండి. మాటా మాటా. పాత బళ్లకైతే రోజూ ఎంతోకొంత డీజిల్ మిగిల్చామని మా వాళ్లు పట్టుకెళ్లేవారు. ఈ బండి ట్యాంకుకి సీలేశాడు. కడుపు మీద కొట్టావు బాబాయ్ అన్నాను."

"ఏమన్నడు?"

"‘కడుపు నిండడానికి డీజిల్ తాగుతావా చంటీ’ అన్నాడండి. అందరూ నవ్వారు. నాక్కోపం వచ్చింది." చంటి నేల చూశాడు. "మళ్లీ మాట్లాడలేదు. మధ్యాహ్నానికి పోయాడు."

"తిండి నడుమ లేచి ఏడికి పోయినవు?"

"హాల్లోకండి. సౌండ్ మేడమ్ గారు భోజనానికి రాలేదు. పిలుద్దామని."

"టైమెంత?"

"చేతినిండా పప్పండి. ఫోనెవరు చూస్తారు."

"ఆమె నిన్ను చూసిందా?"

"చెవులకి హెడ్‌ఫోన్లున్నాయి. కసిరింది. అంతే."

---

సౌండ్ రికార్డిస్టు కౌముది హాల్లో వైర్లు చుడుతోంది. ముప్పై ఏళ్లుంటాయి.

"చంటి ఎప్పుడొచ్చిండు?"

"వచ్చారు సార్. టైమ్ గుర్తులేదు. రికార్డింగ్‌లో ఉన్నాను."

"లంచ్‌ల ఏం రికార్డింగ్?"

"రూమ్ టోన్. సీన్ తీసిన గదిలో మాటలు లేకుండా, ఊరికే ఉన్న నిశ్శబ్దాన్ని రికార్డు చేస్తాం. ఎడిటింగ్‌లో మాటల మధ్య ఖాళీల్లో అతకడానికి. వందమంది ఉన్నప్పుడు నిశ్శబ్దం ఎక్కడ దొరుకుతుంది? అందుకే లంచ్‌లో కూర్చుంటాను."

"ఆ నిశ్శబ్దంల ఇంజిన్ వినబడతదా?"

"మామూలు చెవికి వినపడదు. మైక్‌కి వినపడుతుంది. పాత బళ్లయితే ఒకే మోత, తీసేయడం సులభం. ఈ బండి పైకీ కిందికీ పోతుంటుంది. నిన్న దానిమీద పున్నయ్యగారితో పోట్లాడాను కూడా. ‘మీ చెవి మంచిదమ్మా, పెళ్లయితే మీ ఆయనకు కష్టం’ అన్నారు." నవ్వబోయి ఆగింది.

"ఇయ్యాల్టి రికార్డింగ్ ఏది?"

"పనికిరాదని పక్కన పడేశాను. మధ్యలో చంటిగారొచ్చి పాడుచేశారు. ఒకటీ పది నుంచి తొమ్మిది నిమిషాలు."

"ఆ పనికిరానిదే కావాలె."

ఆమె హెడ్‌ఫోన్లు ఇచ్చింది. హనుమంతు నిలబడే విన్నాడు. ఆసాంతం. తర్వాత కూర్చుని మళ్లీ విన్నాడు.

"ఈ రికార్డర్ గడియారం సరిగ్గనే ఉంటదా?"

"రోజూ పొద్దున కెమెరాతో కలిపి సెట్ చేస్తాం. సెకను తేడా రాదు."

హనుమంతు బయటికొచ్చి రాఘవేంద్రను వ్యాన్ దగ్గర నిలబెట్టాడు.

"నేను చెయ్యి ఊపంగనే డీబీ కాడికి ఉరుకు."

ఉరికాడు. పద్దెనిమిది సెకన్లు. నడిపించాడు. యాభై రెండు.

---

సాయంత్రం ఆరు. ఎండ ఇంకా పోలేదు. పచ్చిక మీద నలుగురు నిలబడ్డారు. త్రినాథరావు, చంటి, కౌముది, శ్రీనిధి. తనిఖీ అధికారి కుర్చీలో కూర్చున్నాడు. కౌముది ల్యాప్‌టాప్‌కు స్పీకర్ తగిలించింది.

"త్రినాథరావుగారు, ఇంకొక్కసారి చెప్పుండ్రి. వ్యాన్ దగ్గరికి ఎవరు రాలే. మోత మారలే. అంతేనా?"

"అంతేనండి. సంతకం కూడా పెట్టాను."

"కౌముదమ్మా, పెట్టు."

స్పీకర్‌లో మొదట ఏమీ లేనట్టే ఉంది. తర్వాత చెవి సర్దుకుంది. దూరంగా సన్నటి మోత. స్క్రీన్ మీద అదొక పసుపు గీత.

"ఒకటీ పన్నెండు నిమిషాల అయిదు సెకన్లు. ఇనుండ్రి."

మోత తగ్గింది. పసుపు గీత ఒక మెట్టు కిందికి దిగింది.

"లోడ్ సున్నా అయింది," శ్రీనిధి గొణిగింది. "బ్రేకర్ తీశాడు. నాన్న బ్రేకర్ తీశాడు."

త్రినాథరావు కనురెప్ప కదిలింది.

"అప్పుడు రికార్డింగేంటండి?" అన్నాడు. "లంచ్ బ్రేక్ కదా. యాక్షన్ అనలేదు, కట్ అనలేదు. మైకెందుకు పెడతారు?"

హనుమంతు అతనివైపు తిరగలేదు.

"ఇంకా ఉంది."

ఒకటీ పదహారు నిమిషాల ఇరవై సెకన్లు. స్పీకర్‌లో అడుగుల చప్పుడు. చంటి గొంతు. ‘మేడమ్, పప్పుచారు అయిపోతోందండి.’ వెంటనే కౌముది కసురు.

పదహారు నిమిషాల నలభై సెకన్లు. మోత పైకి లేచింది. గీత మెట్టు ఎక్కింది.

నలభై రెండు. బయట రాయి మీద ఇనుము పడ్డ చప్పుడు. ఖంగున ఒకటే సారి.

నలభై అయిదు. చంటి గొంతు. ‘ఏంటా శబ్దం?’ కౌముది కసురు.

శ్రీనిధి రెండు చేతులతో నోరు మూసుకుంది.

"ఆపమ్మా." హనుమంతు అధికారి వైపు తిరిగాడు. "మోత విని మోసపోయిండన్నరు మీరు. మోసపోలే. బ్రేకర్ తీసిండు, డీబీ కాడికి నడిచిండు, పనిల ఉన్నడు. నాలుగున్నర నిమిషాలు లైన్‌ల కరెంటే లేదు. తర్వాత ఎవరో బ్రేకర్ ఎత్తిండ్రు. రెండు సెకన్లకు ఆయన చేతుల స్పానర్ కింద పడ్డది. వ్యాన్ నుంచి ఈడికి మా ఎస్సై ఉరికితేనే పద్దెనిమిది సెకన్లు. రెండు సెకన్లల ఆయనే ఎత్తి ఆయనే వచ్చి ముట్టుకునేది కాదు."

అధికారి కళ్లజోడు తీశాడు. మళ్లీ తుడవలేదు.

"చంటి హాల్ల ఉన్నడు. గొంతు ఇన్నరు. కౌముది హాల్ల ఉంది. మిగిలినోళ్లంత షామియానా కింద ఒకరి మొహం ఒకరు చూస్కుంట తిన్నరు. వ్యాన్ కాడ ఎవరు ఉన్నట్టు?"

హనుమంతు త్రినాథరావు వైపు తిరిగాడు.

"ఇంకెవరు రాలేదని చెప్పింది మీరే, త్రినాథరావుగారు. సంతకం కూడ పెట్టిండ్రు."

"ఎవడో గోడ దూకి..."

"అద్దాలు దింపుకున్నరు. పురుగు కూడ రాలేదన్నరు. ఇంజిన్ మోత మీ చెవి పక్కనే దిగింది, లేచింది. మారలేదన్నరు. ఎందుకన్నరు? మారిందంటే బ్రేకర్ తీసినట్టు ఒప్పుకోవాలె. లంచ్‌ల మోత ఎవరు వింటరులే అనుకున్నరు. మీరు మాటలు తర్వాత స్టూడియోల చెప్పించే డబ్బింగ్ కాలపోళ్లు. సెట్‌ల యాక్షన్ అంటేనే మైక్ వింటదని మీ లెక్క. ముప్పై ఏండ్లు జనరేటర్ మోత గురించి ఎవరూ అడగలే. ఇయ్యాల కూడ అడగరనుకున్నరు."

హనుమంతు కవర్ తెరిచాడు. ఎర్ర తువ్వాలు. మడత విప్పాడు. లోపల అడ్డంగా నల్లటి గ్రీజు చార. దానికి అటూ ఇటూ మెలిక పడ్డ ముడతలు.

"హ్యాండిల్ అంత వెడల్పు. గ్రీజు కూడ హ్యాండిల్‌దే, ల్యాబ్‌కు పోతది. ముడి వేసిన గుర్తులు ఇంకా పోలే. షాక్ కొట్టి రెండడుగులు ఎనక్కి పడ్డ మనిషి భుజం మీద తువ్వాలు ఇంత ముద్దుగ మడిచి ఉంటదా? పడ్డంక ఎవరో పెట్టిండ్రు. ముందుగాల శవం కాడికి పోయింది మీరే. నాడి చూసిన్నన్నరు."

త్రినాథరావు తెల్లచొక్కా వీపంతా తడిసిపోయింది.

"పద్నాలుగు బళ్లండి," అన్నాడు. "ఈ పిల్ల బండి పాసైతే అవన్నీ పాత ఇనుమే. వాడికి అన్నం పెట్టింది నేను. నన్ను కాదని..." ఆగాడు. మళ్లీ అన్నాడు. "అనుకుని చేసింది కాదండి. తువ్వాలు కనిపించింది. క్షణంలో జరిగిపోయింది."

"క్షణంల కాదు." హనుమంతు గొంతు పెరగలేదు. "రెండు ముళ్లు. ఇట్లాంటి తువ్వాలే తెచ్చి నేను కట్టి విప్పి చూసిన. మొదటి ముడికి తొమ్మిది సెకన్లు. రెండో ముడికి పదకొండు. మొదటి ముడి విప్పినంక నువ్వు ఆగొచ్చు. ఆగలే. రెండోది విప్పినవు. తర్వాత హ్యాండిల్ ఎత్తినవు. లైన్ మీద మనిషున్నడని ఆ తువ్వాలే నీకు చెప్పింది. ఇంకెవరికి తెల్వకపోయినా నీకు తెలుసు."

రాఘవేంద్ర ముందుకొచ్చాడు.

త్రినాథరావు శ్రీనిధి వైపు చూశాడు. "అమ్మా, మీ నాన్న నాకు తమ్ముడి..."

"బండెక్కించు," అన్నాడు హనుమంతు.

---

జీపు వెళ్లిపోయింది. శ్రీనిధి అక్కడే నిలబడింది.

"మోత తగ్గినందుకు కాదు కదా సార్?" మధ్యాహ్నం నుంచి ఆమెకు ఆ ఒక్కటే ప్రశ్న.

"మోత మారింది కాబట్టే దొరికిండు. పాత బండైతే ఒక్కటే మోత. మీ నాయన మతిమరుపుతోటి పోయిండని రాసుకునేటోళ్లం. చంపినోడు బయట తిరిగేటోడు."

ఆమె తల ఊపింది. అప్పుడు ఏడ్చింది.

పదకొండో రోజున డీబీ పెట్టె, వ్యాన్ తిరిగి ఇచ్చారు. మూడో రోజు ట్రయల్ మిగిలే ఉంది. బంగళా అదే. హాలు అదే. తండ్రి బిగించకుండా వదిలిన నట్టు కూడా అలాగే ఉంది.

శ్రీనిధి వ్యాన్ ఎక్కి బ్రేకర్ కిందికి లాగింది. తువ్వాలు కోర్టులో ఉంది. చున్నీ తీసి హ్యాండిల్‌కి కట్టింది. రెండు ముళ్లు వేసింది.

చంటి వచ్చి హ్యాండిల్‌కు వీపు ఆనించి నిలబడ్డాడు.

"వెళ్లమ్మా," అన్నాడు. "నువ్వు తిరిగొచ్చేదాకా నేనిక్కడే ఉంటాను."

"భోజనం టైమ్ కదా బాబాయ్."

"పప్పుచారు ఎక్కడికీ పోదు."

ఇంజిన్ మోత బాగా కిందికి దిగింది. శ్రీనిధి తొంభై ఆరు అడుగులు నడిచింది. పెట్టె మూత తీసింది. టెస్టర్ పెట్టి చూసింది. వెలగలేదు.

స్పానర్ నట్టుకు తగిలించి, గట్టిగా బిగించింది.